హరూర్‌లో పిడికిలి పాఠం

మొరప్పూరులో రైలు దిగి బస్సెక్కితే హరూర్ దగ్గరే. తమిళంలో అరూర్ అని రాస్తారు. బయటివాళ్లు ఎక్కువగా తీర్థమలై గుడికని వస్తారు, అది ఇంకో 16 కి.మీ. ముందుకు. నేను పోయింది మా అక్క కొడుకు నేర్చుకునే కుత్తు వరిసై చూద్దామని. మన గుద్దే వాళ్ల కుత్తు. వరిసై అంటే వరుస. కర్ర లేకుండా ఉత్త చేతులతో చేసే సాము. సిలంబం నేర్పే ఆశాన్లే దీన్నీ నేర్పుతారు.

మావాడికి పద్దెనిమిదేళ్లు. వచ్చే నెల స్పిన్నింగు మిల్లులో చేరాలి. చెయ్యి గట్టిపడాలని రోజూ ఇంటి గోడను గుద్దుతున్నాడట. సినిమాల పుణ్యం! ఆశాన్ వాడి వాచిన మెటికలు చూసి తెలుగులోనే అడిగాడు: "ఏమబ్బీ, ఈ చేత్తో నూలు అతికిస్తావా?"

నాకు గుండె ఝల్లుమంది. మన బతుకంతా ఆ రెండు వేళ్ల కొసల్లోనే కదా.

తర్వాత ఆయన అందరికీ మొదటినుంచి చూపించాడు. నాలుగు వేళ్లూ గట్టిగా ముడవాలి. బొటనవేలు లోపల పెట్టకూడదు, బయట చూపుడు వేలు, మధ్యవేలు మీదుగా అడ్డంగా ఉండాలి. తగలాల్సింది ఆ రెండు వేళ్ల మెటికలే. మణికట్టు వంగితే బెణుకుతుంది. చిటికెన వేలి వైపు తగిలితే అక్కడి సన్నని ఎముక విరుగుతుంది, డాక్టర్లు దాన్ని బాక్సర్ ఫ్రాక్చర్ అంటారు. బలం భుజంలో లేదట. మడమ నేలను తన్నాలి, నడుము తిరగాలి, చెయ్యి చివర్న పోవాలి.

మరి చెయ్యి గట్టిపడేదెట్లా అని అడిగాను. మెత్తటి సంచితో మొదలుపెట్టాలి, నెలల తరబడి కొంచెం కొంచెంగా పెంచాలి, నొప్పి వస్తే ఆపాలి అన్నాడు. మోసే బరువును బట్టి ఎముక తనను తాను మార్చుకుంటుందని జర్మనీ డాక్టరు జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. కానీ దానికి వ్యవధి కావాలి. ఒకినావా కరాటేవాళ్లు గుద్దే మకివారా కూడా గడ్డితాడు చుట్టిన పలకే. దెబ్బకు వెనక్కి వంగుతుంది. గోడ వంగదు. ఎదిగే పిల్లలకైతే ఈ మెటికల సాధన వద్దే వద్దన్నాడు.

మావాడికి రెండు వారాలు గుద్దడం బంద్. అడుగులు మాత్రం వేయాలి. ఈలోపు వాపు తగ్గకపోతే ఎక్స్‌రే తీయించమన్నాడు. వాడు మొహం ముడుచుకుని అడుగులు మొదలుపెట్టాడు.