పదమూడు ఫాక్టోరియల్

2013 జూన్‌లో అమీర్‌పేటలో దిగాను. చదివింది బీఎస్సీ మ్యాథ్స్, పది దాకా తెలుగు మీడియం. మైత్రీవనం దగ్గర కోర్ జావా క్లాసు, ఎస్సార్ నగర్‌లో హాస్టలు, గదికి నలుగురం. మెట్రో పనులతో రోడ్డంతా దుమ్ము. కిక్కిరిసిన హాల్లో సారు బోర్డు మీద రాస్తుంటే అంతా అర్థమైనట్టే ఉండేది. గదికొచ్చి లాప్‌టాప్ తెరిస్తే ఒక్కటీ నడిచేది కాదు.

మొదటి వారం పాత్ సెట్ చేయడానికే పోయింది. జావాక్ అని కొడితే అలాంటి కమాండే లేదనేది. అది ఎలాగో దాటాను.

తర్వాత నా డిగ్రీ మార్కుల శాతం నేనే లెక్కగడదామనుకున్నాను. 600కి 457. మార్కులని 600తో భాగించి, 100తో గుణించమన్నాను. సున్నా వచ్చింది. జవాబుని డబుల్‌లోకి మార్చాను. 0.0 వచ్చింది. అంత కష్టానికి ఒక చుక్క, ఇంకో సున్నా మిగిలాయి! ఇంటిజర్‌ని ఇంటిజర్‌తో భాగిస్తే జావా దశాంశాన్ని అక్కడే పారేస్తుంది. 457లో 600 సున్నాసార్లు పోతుంది, ఆ సున్నాని వందతో గుణించినా సున్నానే. ముందే 100.0తో గుణించి తర్వాత భాగిస్తే 76.16 దాటి కనబడింది. ఆ చిన్న సంగతికి రెండు రాత్రులు పట్టింది.

కీబోర్డులో కొట్టింది చదివే స్కానర్ ఇంకా ఏడిపించింది. వయసు అడిగి, తర్వాత పేరు అడగాలి. వయసు కొట్టగానే పేరు కోసం ఆగకుండా ప్రోగ్రాం అయిపోయేది. కొన్న జిరాక్స్ నోట్సులో దీని ఊసే లేదు. నెక్స్ట్‌ఇంట్ సంఖ్యని మాత్రమే తీసుకుంటుంది, మనం నొక్కిన ఎంటర్ అక్కడే మిగిలిపోతుంది. తర్వాత వచ్చే నెక్స్ట్‌లైన్ ఆ ఎంటర్‌నే నా పేరనుకుని తీసుకుపోతోంది. మధ్యలో ఉత్త నెక్స్ట్‌లైన్ ఒకటి పెడితే సరిపోయింది.

కోడ్ రాసే ఎక్లిప్స్‌లో ఎర్రగీతలు, ఎర్ర అక్షరాలు కనబడితే మాత్రం చదవకుండానే మూసేసేవాణ్ణి. ఇంగ్లీషంటే భయం ఒకటి, తిడుతున్నట్టుండటం ఇంకొకటి. మా గదిలో వరంగల్ నుంచి వచ్చిన అన్న ఒకాయన ఉండేవాడు. ఒకరోజు మూయబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"ఎర్రగ కనబడంగనే భయపడ్తవేంది తమ్మీ? మొదటి లైను చదువు. నీ ఫైలు పేరు యాడున్నదో చూడు. ఏ లైన్ల తప్పున్నదో అదే చెప్తున్నది."

నిజమే, చెప్తోంది. ఐదు గదుల అర్రేలో 5 అనే స్థానం వెతుకుతున్నానట. లెక్క 0 నుంచి మొదలైతే చివరిది 4. లూపులో ఒక సమాన గుర్తు ఎక్కువ పెట్టాను. అది తీసేస్తే ఎరుపు పోయింది. నెలరోజులుగా సాయం చేస్తున్నదాని మొహం మీద తలుపేసినట్టనిపించింది.

అప్పట్నుంచి ఎర్రగీత రాకపోతే ప్రోగ్రాం సరిగ్గా ఉన్నట్టేనని ధీమా పెరిగింది. అదే ముంచింది.

సెప్టెంబరులో మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో ఇంటర్వ్యూ. ఫాక్టోరియల్ రాయమన్నారు. కళ్లు మూసుకుని రాయగలను. 12కి 47,90,01,600 వచ్చింది. 13కి 193,20,53,504 వచ్చింది. ఒక్క ఎర్రగీత లేదు.

"కరెక్టేనా?" అన్నారు మేడమ్.

"కరెక్టే మేడమ్."

"బీఎస్సీ మ్యాథ్స్ కదా. ఒకసారి చూసి చెప్పండి."

చూశాను. మళ్లీ కరెక్టే అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. మెయిల్ చేస్తామన్నారు.

10హెచ్ బస్సులో, మిగిలిన రెజ్యూమె కాపీ వెనక చేత్తో గుణించాను. 622,70,20,800. అసలు గుణించక్కర్లేదు కూడా. 12 ఫాక్టోరియల్ చివర రెండు సున్నాలున్నాయి, దేంతో గుణించినా ఆ సున్నాలు ఎక్కడికీ పోవు. నాకొచ్చిన జవాబు చివర 04 ఉంది. ఐదో తరగతి పిల్లాడైనా పట్టుకుంటాడు. నేను వాడిన ఇంట్ పట్టగలిగేది 214,74,83,647 వరకే. అది దాటితే జావా చప్పుడు చేయదు, ఎర్రగీతా గీయదు. పొంగిపోయాక మిగిలిందే జవాబని చూపిస్తుంది.

ఆ మెయిల్ రాలేదు.

ఆ రాత్రి ఇంట్ తీసి లాంగ్ పెట్టాను. 13 సరిగ్గా వచ్చింది. ఒక్కొక్కటే పెంచుకుంటూ, ప్రతి జవాబు చివర సున్నాలు లెక్కపెట్టుకుంటూ 20 దాకా వెళ్లాను. 21కి మైనస్ వచ్చింది. అన్న నిద్రపోతున్నాడు, లేపలేదు. బిగ్‌ఇంటిజర్ ఎలా వాడాలో వెతకడం మొదలుపెట్టాను.