నాన్న కడిగిన లారీ

అడుగు పొడవైనా లేని ఆ లారీని నాన్న రెండు అరచేతులలో పెట్టుకుని కిటికీ దగ్గరకు తీసుకుపోయారు. వెలుతురులో చాలాసేపు త్రిప్పి త్రిప్పి చూశారు. ఐదు మాసాలపాటు నేను రాత్రిళ్ళు మేల్కొని చేసిన నమూనా అది. చివరకు దానిని బల్లమీద పదిలంగా దించి, "బాగుందిరా. కాని ఇది నా బండి కాదు" అన్నారు.

నెంబరు సరిగానే ఉన్నది. రంగు సరిగానే ఉన్నది. కొలతలు తప్పలేదు. మరి తప్పినదేమిటి?

మాది శ్రీకాకుళం జిల్లా. ఆ తీరంనుండి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ అండమాన్ దీవులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. నాన్న కూడా అలాగే ఓడ ఎక్కి పోర్ట్ బ్లెయిర్ చేరారు. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిన నగరమే అది. 1985లో ఆయన పాత టాటా లారీ ఒకటి కొన్నారు. బ్రిటిష్ వారి కాలంలో, 1883లో నెలకొల్పిన చాతాం రంపపు మిల్లులో కోసిన కలపను ఊరి నలుమూలలకు చేరవేయటం ఆయన పని. 19 ఏండ్లు మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టినది ఆ లారీయే.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చిననాడు అది మరమ్మతుకై సిప్పీఘాట్‌లో ఒక షెడ్డులో ఉన్నది. అక్కడి పల్లపు పొలాలను సముద్రం ముంచెత్తింది. భూకంపంవల్ల ఆ తీరపు నేల దాదాపు ఒక మీటరు కుంగిపోయినందున, ఎక్కిన నీరు పూర్తిగా వెనుకకు పోనేలేదు. లారీని బయటకు లాగేసరికి పదకొండు రోజులు పట్టింది. తరువాత నాలుగు మాసాలు మా పెరటిలో నిలిచి, కళ్ళముందే తుప్పుపట్టి, తుదకు తూకానికి వెళ్ళిపోయింది. అప్పుడు నాకు 14 ఏండ్లు.

నమూనా వాహనాలు చేసేవారికి బండిని నిర్మించటం సగం పని మాత్రమే. దానికి వయస్సు తీసుకురావటం మిగిలిన సగం. అప్పుడే రంగువేసిన నమూనా ఎంత చక్కగా ఉన్నా ఆటబొమ్మగానే కనబడుతుంది. అది రోడ్డుమీద తిరిగిన బండిగా కనబడాలంటే ఎండా, వానా, దుమ్మూ, మనుష్యుల చేతులూ దానిని తాకిన గుర్తులుండాలి. ఇందుకు చిత్రమైన పద్ధతులున్నవి. ముందుగా తుప్పు రంగు పూసి ఆరనిస్తారు. దానిపై నీటి తడిచేసి అక్కడక్కడ ఉప్పు చల్లుతారు. ఉప్పు అంటుకుని ఆరిన పిమ్మట అసలు రంగు చిమ్ముతారు. ఆ రంగుకూడా ఆరినాక ఉప్పును రాల్చివేస్తే, రంగు పెచ్చులూడి లోపలి తుప్పు బయటపడినట్లే ఉంటుంది.

దుమ్ము మరింత కష్టం. నా నమూనా అసలు బండిలో 24వ వంతు. దానిమీద ఒక మిల్లీమీటరు ఇసుకరేణువు పడితే, అసలు బండిమీద 24 మిల్లీమీటర్ల గులకరాయి పడినట్లు! అందుచేత నిజమైన దుమ్ము నిజమనిపించదు. రంగుపొడిని పలుచని గుడ్డలో జల్లించి, మెత్తని కుంచెతో అద్దాలి.

ఈ విద్యలన్నీ ప్రయోగించి, తలుపులూ, మడ్గార్డులూ, క్యాబిను అంచులూ తుప్పుతో నింపాను. అదే నా గర్వం.

"ఈ తుప్పంతా ఎక్కడిది?" అని నాన్న అడిగారు.

ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం కురిసే దీవులివి. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని ఇనుముమీద తడి ఆరనివ్వదు, తుప్పును త్వరపెడుతుంది. నేను ఇదంతా వివరించాను. ఆయన ఓపికగా విన్నారు.

"అది నాకు తెలీదనుకున్నావా? మరి రోజూ కడిగిన రేకు మాట?"

నాకు నోట మాట రాలేదు. ఎన్నడో మరచిన దృశ్యం కళ్ళముందు నిలిచింది. మా ఇంటి చూరుక్రింద ఒక ఇనుప పీపా ఉండేది. వాననీరు అందులో పట్టేవారు. వేసవిలో కుళాయినీటికి కొరత వచ్చినా ఆ పీపాను మమ్మల్ని ముట్టనిచ్చేవారు కాదు. రాత్రి ఎంత ప్రొద్దుపోయి వచ్చినా, ఆ మంచినీటితో బండి అడుగుభాగంతో సహా కడిగి, గుడ్డతో తుడిచి, అటుపిమ్మటనే అన్నానికి కూర్చునేవారు. ఆయన 19 ఏండ్ల శ్రద్ధను నేను మరచి, చివరి నాలుగు మాసాల శిథిలాన్ని జ్ఞాపకముంచుకున్నాను. నేను గర్వంగా పెట్టిన ప్రతి తుప్పుమచ్చా ఆయన సోమరి అని చెబుతున్నది!

ఇక్కడి సెల్యులర్ జైలు ప్రదర్శనశాలలో ఆ కట్టడపు నమూనా ఒకటున్నది. 1906లో పూర్తయిన ఆ జైలుకు ఏడు విభాగాలు. నేడు మిగిలినవి మూడే. నమూనాలో మాత్రం ఏడూ ఉన్నవి. నమూనా చేసేవాడు ముందుగా ఏ నాటి రూపం చూపాలో నిర్ణయించుకోవాలని దానిని మరల చూసినప్పుడు నాకు బోధపడింది.

రెండవసారి ప్రారంభించాను. ఈసారి నాన్న ప్రక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తుప్పు పోయింది, అరుగుదల వచ్చింది. తలుపు పిడివద్ద చేయిపడి రంగు పోయిన చోటు, ఎడమకాలు మోపి ఎక్కే మెట్టు, దుంగలు రాసుకుని తెల్లబడిన వెనుక డాలా అంచు, ఇవన్నీ ఆయన వ్రేలితో చూపారు. ఇంట్లో దాచుకున్న పడౌకు చెక్కను ఉప్పు కాగితంతో రుద్ది, ఆ ఎర్రని పొడిని జల్లెడపట్టి డాలాలో చల్లాము.

పని ముగిసిందనుకున్నాక, "ఎడమవైపు వెనుక మడ్గార్డు లోపల కొంచెం తుప్పు పెట్టు. అక్కడికి నా చెయ్యి దూరేది కాదు" అన్నారు.

ఉప్పు నాలుగే రేణువులు చల్లాను. రాల్చి చూపగానే, "ఆఁ, ఇప్పుడు నాది" అన్నారు.

ఆ లారీ ఇప్పుడు మా ముందుగదిలో ఉన్నది. నాన్నకు 78 ఏండ్లు. ప్రతి సాయంత్రం కండువా కొసతో దానిని తుడుస్తారు. నేను ఎంతో నేర్పుగా అద్దిన దుమ్ము మొదటి వారంలోనే పోయింది. రెండుసార్లు మరల అద్దాను. మూడవసారి ఊరుకున్నాను.