పిల్లి ఇంట్లో, నేను పెండ్లిలో

పిల్లిని చంకన పెట్టుకుని పెండ్లికి పోయినట్టు అని మన సామెత ఉంది కదా. ఇన్నాళ్ళూ అది నవ్వుకోవడానికే అనుకున్నాను. ఈ మే నెలలో చిత్తూరులో మా అక్క కూతురి పెండ్లి. నాలుగు రోజుల ముందే రావాలని అక్క గట్టిగా చెప్పింది. 2022లో తిరుపతి, చిత్తూరు జిల్లాలు వేరయ్యాయి గానీ చుట్టరికాలు వేరు కాలేదు, పోక తప్పదు. ఇంట్లోనేమో మూడేళ్ళ పండు. మా గడప, మా మిద్దె తప్ప మరో లోకం ఎరగని పిల్లి.

"పండునూ తీసుకుపోదాం" అని మా అమ్మాయి. "పెండ్లింట్లో మనుషులకే చోటుండదు" అని మా ఆయన. చివరికి ఇద్దరూ కలిసి ఒక ఉపాయం చెప్పారు. "అమ్మా, నువ్వు ముహూర్తం రోజు పొద్దున్నే వచ్చి, సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. డెబ్బై కిలోమీటర్లే కదా!"

అక్కడ నాకు చురుక్కుమంది. మాట పిల్లి దగ్గర మొదలై నా దగ్గర ఆగింది. పిల్లల పరీక్షలని, అత్తమ్మ మందులని, మొక్కలకు నీళ్ళని మనం సగంలో మానుకున్న ప్రయాణాలు ఎన్నో మీకు చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆ లెక్కలో పిల్లి చేరింది. కోపం పక్కన పెట్టి, అసలు పండుకు ఏది మంచిదో చూద్దాం అనుకున్నాను.

తీసుకుపోవడమంటే మాటలు కాదు. రైల్లో పెంపుడు జంతువు మన పక్కనే ఉండాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మన పేరున ఉండాలి. లేదంటే గార్డు పెట్టెలో పోవాల్సిందే. బస్సు రద్దీలో బుట్ట ఒళ్ళో పెట్టుకోవడం కష్టం. కారులో పోదామన్నా మన మే నెల ఎండ తెలిసిందే, 40 డిగ్రీలు. పిల్లికి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతోందంటే ప్రమాదమే. అన్నీ దాటి చేరినా, అక్కడ మేళతాళాలు, తెరిచిన తలుపులు, కొత్త మనుషులు. బెదిరి బయటికి ఉరికితే తెలియని ఊళ్ళో ఎక్కడని వెతుకుతాం?

కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది అని మా అవ్వ అనేది. తన వాసన ఉన్న చోటే పిల్లికి ధైర్యం. బదిలీ మీద ఊరు మారితేనో, నెలల తరబడి పోవాల్సి వస్తేనో సంగతి వేరు. అప్పుడు బుట్టను వారం ముందే ఇంట్లో తెరిచి, దాని పాతగుడ్డ వేసి అలవాటు చేసి తీసుకుపోవచ్చు. నాలుగు రోజులకైతే ఇల్లే మేలు.

అయితే గిన్నె నిండా తిండి పోసి తాళం వేసుకుని పోవడం కాదు. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయం దెబ్బతినొచ్చు. అందుకే పూటపూటా వచ్చి, అది తిన్నదో లేదో చూసే మనిషి కావాలి. పక్కింటి వదినను అడిగాను. పోయినేడు వాళ్ళు కాశీకి పోయినప్పుడు వాళ్ళ తులసికోటకు నీళ్ళు పోసింది నేనే. "దానికేముంది, పెండ్లి బాగా చేసుకుని రా" అంది.

వారం నుంచి మా అమ్మాయి సాయంత్రాలు వదిననే పిలిచి ఆమె చేతనే తిండి పెట్టిస్తోంది. మొదట మంచం కింద దాక్కున్న పండు ఇప్పుడు ఆమె గాజుల చప్పుడుకే వస్తోంది. నీళ్ళు రెండు చోట్ల, ఇసుక డబ్బా రోజూ శుభ్రం, పాలు వద్దు, తలుపు తీసేటప్పుడు కాలు అడ్డం పెట్టాలి, ఇవన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాం. రెండు పూటలు తినకపోతే వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకుపోవడానికి బుట్ట సిద్ధంగా పెట్టాం. ఆ కాగితం రాసింది మా ఆయన. నేను చెప్పలేదు, అడిగి అడిగి రాసుకున్నారు.

నిన్న రాత్రి అక్కకు ఫోన్ చేశాను. "పిల్లి ఉండాదని మళ్ళీ ముహూర్తానికి మొగం చూపించి పోతావేమో అనుకుంటిమే" అంది.

"లేదక్కా, పసుపు దంచే రోజుకే వస్తాండా. రోకలి నా చేతికే ఇయ్యి" అన్నాను.