అమ్మీ చదివే బటన్

రాత్రి పదకొండు దాటినంక మా స్టేషన్ ఘన్‌పూర్‌ల రెండే చప్పుళ్లు. కాజీపేట దిక్కు పోయే గూడ్సు, నా కీబోర్డు. పేపర్‌కు ఖబర్లు పంపినంక నా సొంత రాత మొదలుపెడ్త. ఉన్నది ఒకటే అర్ర. ఓ మూల అమ్మీ పండుకుంటది.

"ఉజాలా ఆంఖా మే పడ్రా బేటా, జరా కమ్ కర్."

కమ్ చేద్దామంటే బటన్ పనిచెయ్యది. సెకండ్ హ్యాండ్‌ల కొన్న లాప్‌టాప్, ఉబుంటు వేసుకున్న. అక్షరాలన్నీ పడ్తయి. సూర్యుడి బొమ్మ బటన్, మైకు బొమ్మ బటన్, కంపెనీవాళ్లు తమ సాఫ్ట్‌వేర్ కోసం పెట్టుకున్న బటన్ – మూడూ ముర్దా. నెల రోజులు దుప్పటి కప్పుకొని రాసిన. మే నెలల దుప్పటి!

ఒక రాత్రి జిద్దుగ కూసున్న. సూర్యుడి సంగతి జల్దీనే తేలింది. గ్రబ్ ఫైల్ల ఏసీపీఐ బ్యాక్‌లైట్‌ను 'నేటివ్' చేసి రీస్టార్ట్ కొడితే వెలుగు తగ్గింది. అమ్మీ "షుకర్" అని అటు తిరిగి పండుకుంది.

మైకు బటన్ కథ తెలిసినంక నవ్వొచ్చింది. కర్నల్‌ల దాని నంబరు 248. ఎక్స్ సర్వర్ దానికి 8 కలుపుకుంటది, 256 అయితది. ఎక్స్‌కేమో 255 దాటి లెక్క రాదు. ఒక్క నంబర్‌తోని గరీబు బటన్ దర్వాజా బయటే నిలబడ్డది! అందుకే ఎఫ్20 అని పేరు మార్చి లోపలికి పంపుతరు.

మిగిలింది కంపెనీ బటన్.

నేను అలిఫ్ బే దిద్దింది ఉర్దూ మీడియం బడిల. డిగ్రీ తెలుగుల. అమ్మీ మీద ఎన్నో రాసిన, అందరూ చదివిన్రు, తెలుగు రాని అమ్మీ తప్ప. పోయిన రంజాన్‌ల అడిగింది: "మేరే బారే మే సబ్ కు బోల్‌రా. మేరెకు కబ్ బోల్తా?"

ఆ కంపెనీ బటన్‌ను తెలుగు–ఉర్దూ మార్చే బటన్ చేద్దామనుకున్న. ఈవీటెస్ట్‌ల నొక్కి స్కాన్‌కోడ్ పట్టిన, హెచ్‌డబ్ల్యూడీబీ ఫైల్ల దానికి 'మెను' అని రాసిన. సెట్టింగ్స్‌ల మెను బటన్‌తోని భాష మారాలె అని పెట్టిన. మారలే. రెండు రాత్రులు బర్బాద్. తీరా చూస్తే కర్నల్‌ల 'మెను', 139, వేరే బటన్. ఎక్స్ మెను అనేదాన్ని కర్నల్ 'కంపోజ్' అంటది, 127. పేరు మార్చి, హెచ్‌డబ్ల్యూడీబీ అప్‌డేట్ చేసి నొక్కితే కర్సర్ కుడి నుంచి ఎడమకు నడవబట్టింది. ఉర్దూల కీబోర్డును కలీదీ తఖ్తా అంటరు. చిన్నప్పటి తఖ్తీ యాదికొచ్చింది.

బటన్ అయితే నడిచింది, నా చెయ్యే నడవలే. జాల్, జే, జాద్, జోయ్. ఒకటే చప్పుడుకు నాలుగు హర్ఫులు, ముప్పై ఏండ్లాయె రాయక. రెండు పేజీలకు వారం పట్టింది. జిరాక్స్ షాపుల ప్రింట్ తీసి అమ్మీ చేతిల పెట్టిన. ఐనక్ పెట్టుకొని, వేలు ఆనించి చదువుతున్నది. ఒకకాడ ఆగింది.

"'జరా' జాల్ సే లిఖ్తే బేటా, జే సే నై."

ఇంకేమన్న అంటదేమో అని చూసిన. ఏమనలే. రెండో పేజీ తీసుకున్నది.