సీలు వేసిన ఆ ఉత్తరం

అక్కచెల్లెళ్ళూ, 2020 జనవరి 11 తెల్లవారుజాము మీకు గుర్తుందా? మస్కట్‌లో నేను నైట్ డ్యూటీలో ఉన్నాను. సుల్తాన్ ఖాబూస్ పోయారని టీవీలో చెప్పారు. నాతో పనిచేసే ఒమానీ సిస్టర్ గోడకి ఆనుకుని ఏడ్చేసింది. పాపం, ఆమె పుట్టినప్పటి నుంచి ఆయనొక్కరే రాజు. 1970 నుంచి, అంటే దాదాపు 50 ఏళ్ళు!

నాకేమో భయం పట్టుకుంది. ఆయనకి పిల్లల్లేరు. యువరాజు ఫలానా అని ఎవరినీ ప్రకటించలేదు. గొడవలొస్తే మన వీసాలు, పిల్లల చదువులు ఏం కాను?

అక్కడి చట్టం ప్రకారం రాజకుటుంబం 3 రోజుల్లో వారసుణ్ణి ఎంచుకోవాలి. కుదరకపోతే సుల్తాన్ రాసి సీలు వేసి ఉంచిన ఉత్తరం విప్పాలి. వాళ్ళు అంతదాకా ఆగలేదు, ఉత్తరమే తెరవమన్నారు. అందులో ఉన్న పేరు ఆయన బాబాయి కొడుకు హైతమ్ బిన్ తారిఖ్‌ది. ఆ రోజే ఆయన ప్రమాణం చేశారు. మర్నాడు మళ్ళీ మామూలుగానే డ్యూటీకి వెళ్ళాను.

2021 జనవరిలో కొత్త సుల్తాన్ చట్టం మార్చి, ఇకపై పట్టం పెద్దకొడుక్కే అని రాయించారు. ఇప్పుడు యువరాజు ఎవరో అందరికీ తెలుసు.

ఒక్క కాగితంతో దేశమే కుదుటపడింది కదా! మా ఇంట్లో మాత్రం ఆ మాటెత్తితే "అపశకునం, ఊరుకో" అనేవారు మావారు. ఆ వారమే ఇద్దరం కూర్చుని బ్యాంకు నామినీ పేర్లు, ఊళ్ళో స్థలం సంగతి రాసి పెట్టుకున్నాం.

మరి మీరు రాశారా?