లంబసింగిలో బండి కదలాలంటే...

డిసెంబరు నెల. తెల్లవారుజాము అయిదు గంటలు. పక్కనున్న మనిషి కూడా కనిపించనంత మంచు. రోడ్డు వారన టీ కొట్టు దగ్గర చలిమంట చుట్టూ పది మంది. అందరి నోళ్లలోంచీ పొగలే. ఇంతలో పక్కనే ఆగివున్న ఓ కొత్త ఎస్‌యూవీలోంచి చప్పుడు... టక్ టక్ టక్ టక్! ఇంజిను మాత్రం ఉలకదు, పలకదు. మేఘాల మధ్య సూర్యోదయం చూపిస్తానని పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తండ్రి ముఖంలో కంగారు.

ఇది లంబసింగి. విశాఖపట్నం నుంచి 100 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున, అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో ఉన్న చిన్న గ్రామం. కొన్ని శీతాకాలాల్లో ఇక్కడ ఉష్ణోగ్రత 0 డిగ్రీల దరిదాపుల్లోకి దిగిపోతుంది. ఈ ఊరికి 'కొర్రబయలు' అని ఇంకో పేరుంది. రాత్రి ఎవరైనా ఆరుబయట ఉండిపోతే తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతారని దాని అర్థమట. మనుషుల సంగతి సరే, ఆరుబయట నిలిపిన బండ్ల మాటేమిటి?

నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కి వచ్చే ఈ రోడ్డుకి ఓ చరిత్ర ఉంది. బ్రిటిష్ పాలనలో గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ చాలీచాలని కూలి ఇచ్చి గిరిజనులతో రోడ్డు పనులు చేయించాడు. ఆ కడుపుమంట కూడా 1922లో అల్లూరి సీతారామరాజు పోరాటానికి ఓ కారణమైంది. ఆ ఏడాది ఆగస్టు 22న ఆయన దళం తొలి దాడి చేసిన పోలీసుస్టేషను ఈ దారిలోనే, ముందున్న చింతపల్లిలో ఉంది. అంత కష్టంతో పడిన దారి ఇప్పుడు మన్యానికి జీవనాధారం. కాఫీ, మిరియాలు, రాజ్‌మా, పసుపు సంతకు వెళ్లాలన్నా, ఉప్పూ పప్పూ కొండెక్కాలన్నా జీపులే దిక్కు.

బాగా తెలిసినవాళ్లు ఆ జీపుల డ్రైవర్లే. టీ గ్లాసు పక్కన పెట్టి ఓ డ్రైవరు లేచాడు.

''ఏటయింది బాబూ?''

''బ్యాటరీ పోయినట్టుందండీ. ఇక్కడెక్కడైనా కొత్తది దొరుకుతుందా?''

''కొనడానికి తొందరేటి? ముందు హెడ్‌లైట్లెయ్యండి. ఇప్పుడు తాళం తిప్పండి, సూద్దాం.''

లైట్లు వెలిగాయి. తాళం తిప్పగానే కొడిగట్టిన దీపంలా అయిపోయాయి. మళ్లీ అదే టక్ టక్. డ్రైవరు తలాడించాడు. అతనికి సగం సంగతి అర్థమైపోయింది.

ఆ పరీక్షలో పెద్ద కిటుకేమీ లేదు. తాళం తిప్పినప్పుడు లైట్లు బాగా మసకబారి, గబగబా టక్‌టక్‌మంటే బ్యాటరీలో ఛార్జింగ్ లేదన్నా ఉండాలి, టెర్మినల్ వదులైందన్నా అయ్యుండాలి. లైట్లు దేదీప్యమానంగా వెలుగుతూ ఒకే ఒక్క 'టక్' వినిపిస్తే చూడాల్సింది స్టార్టరు మోటారు వైపు. లైట్లు బాగానే ఉండి ఏ చప్పుడూ రాకపోతే తాళం స్విచ్చి, దాని వైర్లు, ఫ్యూజు చూడాలి. ఇవేవీ చూడకుండా కొత్త బ్యాటరీ కొనేసినవాళ్లు, నాలుగు రోజులకే మళ్లీ బండి నెట్టుకుంటూ కనిపిస్తారు!

బానెట్ ఎత్తాడు. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంది. మొదట నెగటివ్ వైరు, ఆ తర్వాత పాజిటివ్ వైరు విప్పాడు. టీ కొట్టు నుంచి గ్లాసుడు వేడినీళ్లు, చిటికెడు వంటసోడా తెప్పించి కడిగాడు. ఆ పొడి కళ్లలో పడితే ప్రమాదం కాబట్టి పిల్లల్ని దూరంగా నిలబెట్టాడు. తుడిచి, ఆరనిచ్చి, ముందు పాజిటివ్, చివర్న నెగటివ్ బిగించాడు. మీటరు పెడితే 11.9 వోల్టులు.

''ఆకలి మీదుంది పాపం'' అన్నాడు నవ్వుతూ.

నిండుగా ఛార్జయి, కాసేపు విశ్రాంతిగా ఉన్న మామూలు కారు బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపించాలి. 12.2 అంటే సగమే ఉన్నట్టు. 12 కన్నా తగ్గిందంటే అడుగంటిందన్నమాటే. ఎందుకు అడుగంటిందో పిల్లలే చెప్పేశారు. గదులు దొరక్క రాత్రి బండిలోనే పడుకున్నారు. పాటలు పెట్టుకున్నారు, రెండు ఫోన్లు ఛార్జింగ్‌కి పెట్టారు. వెనక తలుపు సరిగా పడక లోపలి లైటు తెల్లవార్లూ వెలుగుతూనే ఉంది.

దానికి తోడు చలి. బ్యాటరీలో కరెంటు పుట్టేది రసాయన చర్య వల్ల. చల్లబడేకొద్దీ అది మందగిస్తుంది. అదే సమయంలో ఇంజిను ఆయిలు చిక్కబడి మోటారుకు పని పెరుగుతుంది. డీజిలు ఇంజినుకైతే ఇంధనం మండడానికి లోపల గాలి బాగా వేడెక్కాలి. అందుకు ఇంజిను గట్టిగా తిరగాలి. ఇచ్చేవాడి దగ్గర తగ్గిపోతుంది, అడిగేవాడికి ఎక్కువ కావాలి. అదీ చిక్కు! నిజానికి బ్యాటరీ ఆయుష్షును ఎక్కువగా తినేసేది వేసవి ఎండలే. ఆ నీరసాన్ని బయటపెట్టేది మాత్రం ఇలాంటి చలి.

డ్రైవరు తన జీపు తెచ్చి పక్కన నిలిపాడు, రెండు బండ్లూ ఒకదానికొకటి తగలకుండా. రెండు బ్యాటరీలూ 12 వోల్టులవేనని చూసుకున్నాడు. ఎర్ర వైరు ముందు నీరసంగా ఉన్న బ్యాటరీ పాజిటివ్‌కి, రెండో కొస జీపు పాజిటివ్‌కి. నల్ల వైరు జీపు నెగటివ్‌కి. ఆఖరి కొసను మాత్రం నీరసించిన బ్యాటరీకి తగిలించలేదు, దూరంగా ఇంజిను ఇనుముకి పట్టించాడు. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, దగ్గర్లో నిప్పురవ్వ లేస్తే పేలే ప్రమాదం ఉంది. అందుకే చుట్ట ముట్టిస్తున్న తాతను కూడా ''కాసేపాగు మావా'' అని ఆపాడు.

అయిదు నిమిషాలాగి తాళం తిప్పితే... బండి అందుకుంది! పిల్లలు చప్పట్లు కొట్టారు. వైర్లు తగిలించిన వరుసకు ఎదురు వరుసలో తీసేసి, మళ్లీ మీటరు పెట్టాడు. 14.2 వోల్టులు. అంటే ఆల్టర్నేటరు బాగానే ఛార్జింగ్ ఇస్తోంది. ఇంజిను నడుస్తున్నప్పుడు 13.5 కన్నా తక్కువ చూపిస్తే బెల్టు వదులైందేమో, ఆల్టర్నేటరు దెబ్బతిందేమో చూపించాలి.

''బ్యాటరీ ఇంకా పనికొస్తాది. గంటసేపు ఆపకుండా తిప్పండి. ఊరెళ్లాక నిండా ఛార్జింగ్ పెట్టించండి. కొత్తది కొనాలో వద్దో అప్పుడు సూసుకోవచ్చు'' అన్నాడు. డబ్బులివ్వబోతే టీ చాలన్నాడు.

''మీ జీపుకి ఎప్పుడూ ఇలా అవలేదా?'' తండ్రి అడిగాడు.

డ్రైవరు తన జీపు రాత్రంతా నిలిపిన చోటు చూపించాడు. రోడ్డు పల్లానికి దిగే చోటు అది. ఒకవేళ స్టార్టు కాకపోయినా, పల్లానికి వదిలి రెండో గేరులో క్లచ్ వదిలితే అందుకుంటుంది. గేర్లు చేత్తో మార్చే బండ్లకే ఆ వెసులుబాటు. ఆటోమేటిక్ బండ్లకు కుదరదు. రోజూ సాయంత్రం టెర్మినళ్లు కదిపి చూస్తాడు. మూతలున్న బ్యాటరీ కాబట్టి డిస్టిల్డ్ వాటర్ మట్టం చూస్తాడు. బెల్టు నొక్కి చూస్తాడు. లైట్లు, రేడియో ఆపాడో లేదో రెండుసార్లు తడుముకుంటాడు.

''పొద్దున్న సూసుకుందారంటే కుదరదు బాబూ. రేత్రి ఏ ఝామునో పై ఊరి నుంచి డోలీ దిగుద్ది. పురిటి నొప్పులో, జ్వరమో. నలుగురు మనుషులు కొండంతా మోసుకొచ్చి రోడ్డు మీద దించాక, నా బండి టక్ టక్‌మంటే ఏటి సెప్తాను?''

ఎవరూ ఏమీ అనలేదు. 108 వాహనం వచ్చేలోగా దగ్గర్లో ఉన్న జీపే అంబులెన్సు కావడం మన్యంలో కొత్త కాదు. రోడ్డు లేని పల్లెల నుంచి ఇప్పటికీ డోలీలు దిగుతూనే ఉన్నాయి.

తూర్పున వెలుగు విచ్చుకుంది. మంచు పలచబడి లోయలో మేఘాలు పాలనురగలా పరుచుకున్నాయి. ఎస్‌యూవీ తాజంగి వైపు కదిలింది. కాఫీ గింజల మూటలు ఎక్కించుకున్న జీపు చింతపల్లి సంతకు బయల్దేరింది, ఒక్క తాళం తిప్పుకే!