మా మోతీ, పక్క చేను

గుంటూరు నుంచి సత్తెనపల్లి వైపు సాగే రైలు మార్గంలో మా పెదకూరపాడు ఒక స్టేషను. మా దాదా ఆ స్టేషను ముందర జట్కా నిలిపి, రైలు దిగినవారిని చుట్టుపక్కల పల్లెలకు చేరవేసేవారు. ఆటోలు వచ్చిన తరువాత జట్కా మూలపడింది గాని, మా ఇంటిలో గుర్రం మాత్రం మిగిలింది. ఇప్పుడు దాని పని పెళ్లి ఊరేగింపులు. మాఘ, ఫాల్గుణ మాసాలలో హిందూ సోదరుల వివాహాలకు, షవ్వాల్ నెలలో మనవారి బరాత్‌లకు మా మోతీ వరుణ్ణి మోస్తుంది. మా ఇంటి ఖర్చులో సగం దాని సంపాదనే.

మోతీ ఆఖ్తా గుర్రం, అనగా విత్తు తీయించినది. అశ్వాలకు ఇలా చేయించడంపై ధర్మశాస్త్ర పండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ప్రయోజనం ఉన్నచోట తగునన్నవారూ ఉన్నారు, అయిష్టపడినవారూ ఉన్నారు. మేము కొనేనాటికే మోతీ ఆఖ్తా. ఆరు సంవత్సరాలపాటు అది ఎవరికీ హాని చేయలేదు. బ్యాండు మేళాల మధ్య, టపాకాయల మధ్య తల వంచుకొని నడిచేది. పిల్లలు మెడ పట్టుకొని వేలాడినా కాలు కదిపేది కాదు.

ఒక ఏడాది పత్తి కట్టె పీకి చదును చేసిన పక్క చేనులోకి రెండు తెల్లని ఆడ గుర్రాలు వచ్చాయి. పొరుగు రైతు కుమారుడు పెళ్లిళ్ల వ్యాపారం మొదలుపెట్టదలచి వాటిని కొని తెచ్చాడు. ఆ కుటుంబం మాకు కొత్తది కాదు. వారి సంక్రాంతి అరిసెలు మా ఇంటికి, మా ఈద్ షీర్‌ఖుర్మా వారి ఇంటికి మూడు తరాలుగా వెళుతూనే ఉన్నాయి.

మరునాటి నుంచి మోతీ మోతీ కాదు. తెల్లవారింది మొదలు కంచె పక్కనే అటూ ఇటూ తిరిగేది. మెడ చాచి, పై పెదవి పైకి మడిచి గాలిని వాసన చూసేది. నానబెట్టిన ఉలవలు తొట్టిలోనే పులిసిపోయేవి. రాత్రులు సకిలింపులతో ఎవరికీ నిద్ర లేదు. పది రోజులలో పక్కటెముకలు కనబడసాగాయి. అగాడీ పిఛాడీ, అనగా ముందు కాళ్లకు, వెనుక కాళ్లకు తాళ్లు కట్టి బిగించాము. తాళ్లు ఒరుసుకొని కాళ్లు పుండ్లు పడ్డాయి గాని దాని మనస్సు నిలువలేదు.

ఒక సాయంత్రం మా తమ్ముడు దానిని నీళ్లకు తీసుకువెళుతూ, జారిపోకుండా పగ్గాన్ని చేతికి చుట్టుకున్నాడు. ఆడ గుర్రం సకిలించగానే మోతీ ఒక్కసారిగా తిరిగింది. తమ్ముణ్ణి పది గజాలు ఈడ్చుకుపోయింది. మెడ కింది ఎముక విరిగింది. అబ్బా పరుగున వచ్చి, చేతికి దొరికిన తాటితో మోతీని ముఖం మీద కొట్టారు. ఆయన దానిని కొట్టడం మేము చూచినది అదే మొదటిసారి. జంతువును ముఖం మీద కొట్టరాదని దైవప్రవక్త (స) వారించిన సంగతి మా ఇంటిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ రాత్రి అబ్బా భోజనం ముట్టలేదు.

కోపం అక్కడితో ఆగలేదు. గుర్రాలను వెంటనే తీసివేయమని పొరుగువారిని నిలదీశాము. “నా చేనులో నా గుర్రాలను కట్టుకుంటే మీకేమిటి సాయిబు గారూ?” అన్నాడు రైతు. మాట మీద మాట పెరిగింది. ఆ ఏడాది వారి అరిసెలు రాలేదు, మా షీర్‌ఖుర్మా వెళ్లలేదు.

చివరకు బేరగాడు వచ్చాడు. ధర బాగానే చెప్పాడు. కొనబోయేవారికి మాత్రం గుర్రం పెంకితనం చెప్పవద్దన్నాడు. అంతవరకు మౌనంగా ఉన్న దాదీ అప్పుడు నోరు విప్పారు. “లోపం దాచి అమ్మిన సొమ్ముతో నాకు అన్నం పెట్టకండి. అసలు దాని బాధ ఏమిటో మీలో ఎవరైనా అడిగారా?” అన్నారు. ఒక అన్సారీ తోటలో ఒంటె కన్నీరు పెట్టగా, దైవప్రవక్త (స) దానిని నిమిరి, ఆకలితో ఉంచి అధికంగా శ్రమ పెడుతున్నావని యజమానిని మందలించిన ఉదంతాన్ని ఆమె గుర్తు చేశారు. బేరగాణ్ణి పంపించి, పశువైద్యుణ్ణి పిలిపించాము.

డాక్టరు గారు ముందుగా రక్తం తీసి పరీక్షకు పంపారు. కొన్ని గుర్రాలలో పుట్టుకతోనే ఒక వృషణం కడుపులో ఉండిపోతుందట. బయటిదాన్ని మాత్రమే తీసివేస్తే చూపులకు ఆఖ్తాలా ఉన్నా, లోపలిది మగ హార్మోనును తయారు చేస్తూనే ఉంటుంది. మోతీకి అటువంటిది లేదని తేలింది. “మరి ఇదంతా ఎందుకు?” అని అడిగాము. శస్త్రచికిత్స తరువాత హార్మోను కొద్ది రోజులలోనే తగ్గిపోతుందని, స్వభావం మాత్రం కొన్ని గుర్రాలలో ఏళ్ల తరబడి మిగిలి ఉంటుందని చెప్పారు. అటువంటివి ఆడ గుర్రాలను తమ మందగా భావించి కాపలా కాస్తాయట. తరువాత ఆయన అన్న మాట మమ్మల్ని కలచివేసింది. “గుర్రం మందలో బ్రతికే జీవి. ఆరేళ్లుగా దీనికి తన జాతి ముఖమే చూపించలేదు మీరు. ఇప్పుడు కంచె వదలకపోతే దాని తప్పా?”

మేము కడుపు నిండా మేత పెట్టాము, వైద్యం చేయించాము. ఒంటరితనం కూడా ఒక బాధ అని మాత్రం ఎన్నడూ తలచలేదు.

ఆయన చెప్పినవి ఒక్కొక్కటిగా ఆచరించాము. తబేలాను కంచె పక్క నుంచి తీసి, గాలి వాసన నేరుగా రాని విధంగా ఇంటికి అవతలి వైపుకు మార్చాము. కంచెకు ఇవతల పదిహేను అడుగులు వదలి మరొక కంచె వేశాము. మధ్యన తాటాకు దడి కట్టాము. తోడుగా ఒక మేకను అదే తబేలాలో ఉంచాము. మొదటి రెండు రోజులు దానిని దగ్గరకు రానీయని మోతీ, మూడవ వారానికి అది కనబడకపోతే వెతికేది. పెళ్లిళ్లు లేని రోజులలో కూడా ఉదయం గంటసేపు నడిపించసాగాము. పగ్గాన్ని చేతికి చుట్టుకోరాదని, మడతలుగా అరచేతిలో పట్టుకొని గుర్రం భుజం పక్కన నడవాలని ఇంటిలో అందరం నేర్చుకున్నాము. ఈ పాఠానికి మా తమ్ముడి ఎముక మూల్యమైంది.

అమ్మీ గోడమీది క్యాలెండరులో మోతీ అశాంతిగా ఉన్న రోజులకు గుర్తు పెట్టసాగారు. రెండు నెలలకు లెక్క తెలిసింది. ఆడ గుర్రం సుమారు 21 రోజులకు ఒకసారి ఎదకు వస్తుంది, అయిదు నుంచి ఏడు రోజులు ఆ స్థితిలో ఉంటుంది. చలి దేశాలలో శీతకాలంలో ఇది ఆగిపోతుంది గాని, మన ప్రాంతంలో పగటి నిడివి అంతగా మారదు గనుక ఆ విరామం స్పష్టంగా ఉండదు. మోతీ కలత చెందిన రోజులు ఆ రోజులే.

అయితే ఆ రోజులలో ఆడ గుర్రాలను చేను అవతలి కొసకు మార్చవలసినది పొరుగువారు. అడగడానికి మాకు ముఖం చెల్లలేదు. దాదీ క్యాలెండరును చంకన పెట్టుకొని తామే వెళ్లారు. ముందుగా క్షమాపణ కోరి, తరువాతనే విషయం చెప్పారట. రైతు క్యాలెండరు తిరగవేసి చూచి, కొడుకును పిలిచి, “పెద్దమ్మ చెప్పినట్టు చెయ్యి” అన్నాడు. ఆ కుర్రవాడు మరొక సంగతి చెప్పాడు. అదే రోజులలో అతని గుర్రాలు కూడా దారిలో మొరాయిస్తున్నాయట. కారణం అతనికీ తెలియదు. ఆ క్యాలెండరు అతనికీ అవసరమే.

ఇప్పుడు ఎద లేని రోజులలో ఉదయం మూడు గుర్రాలూ ఒకే బాటలో నడుస్తాయి, మోతీ ముందు, అవి కొంత దూరంలో వెనుక. మిగతా రోజులలో వేర్వేరుగా వెళతాము. ఆడ గుర్రం కూడా ఉండే ఊరేగింపుకు ఎంత ఇస్తామన్నా మోతీని పంపము. ఆ మేరకు రాబడి తగ్గింది. మోతీ పూర్తిగా మారిందని చెప్పలేము. కొన్ని రాత్రులు ఇప్పటికీ సకిలిస్తుంది. కాని ఉలవలు మిగల్చడం లేదు.

దాని ముఖం మీద తాటి దెబ్బ పడినచోట వెంట్రుకలు తెల్లగా మొలిచాయి. అబ్బా ప్రతిరోజూ ఫజ్ర్ నమాజు తరువాత దానికి మాలీషు చేసేటప్పుడు ఆ చోటును అరచేతితో నెమ్మదిగా నిమురుతారు. ఏమీ మాట్లాడరు. ఆయన చేయి వచ్చేవరకు మోతీ తల వంచి నిలబడుతుంది.